ఆటలో అరటిపండునకు ఒక డాలరు

వార్షిక సంచికకు క్రీడలను గూర్చి యేదైన వ్రాసి పంపుడని సంపాదకవర్గమువారు కోరినప్పుడు మాకు నవ్వు వచ్చినమాట నిజము. ఈ పాఠశాలలో మేము చదివిన దినములలో ఆటస్థలమునకును మాకును గల సంబంధము మిక్కిలి స్వల్పము. సాయంకాలము గంట కొట్టినంతనే నాయకు లిద్దఱు ఎదురెదురుగా నిలిచి వంతులవారీగా ఒక్కొక్కని పిలుచుకొనుచుండగా, తుదకు ఎవరును పిలువక వేపచెట్టు క్రింద మిగిలిపోవు బాలు డొకడు ప్రతి తరగతియందును ఉండును. వానిని ఇంటికి పంపుటకు మనసొప్పక, “వీడు ఆటలో అరటిపండు” అని యేదో యొక ప్రక్కన నిలుపుదురు. వాడు పరుగు తీసినను లెక్కలేదు, ఔటైనను లెక్కలేదు. ఆ అరటిపండు మేమే. కావున మేము సాధికారముగా వ్రాయదగిన క్రీడావిషయము అరటిపండును గూర్చియే యని నిశ్చయించుకొంటిమి.

అయితే మేము చెప్పబోవు అరటిపండ్లు మన మైదానములోనివి కావు. ఉద్యోగరీత్యా మేము కొన్ని సంవత్సరములు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున నివసించితిమి. అచ్చటివారికి బేసుబాలు ఆటపై గల మమకారము మనవారికి క్రికెట్టుపై గల దానికి తీసిపోదు. పిచ్చరనువాడు బంతి విసరును. రెండవవాడు గుండ్రని బ్యాటుతో కొట్టి, నాలుగు మూలలు చుట్టి బయలుదేరినచోటికే వచ్చినచో ఒక పరుగు. బంతి గోడ దాటినచో అది హోమ్ రన్; మన సిక్సరు వంటిది, కాని సిక్సరు కంటె అరుదైనది. అచ్చటి పెద్ద లీగులు రెంటిలో కలిపి 30 జట్లు కలవు. ఒక్కొక్క జట్టు వత్సరమునకు 162 ఆటలాడును. ఇన్ని ఆటలు ఆడువారికి విసుగు పుట్టదా యని మేమొక అమెరికను మిత్రుని అడుగగా, చూచువారికే పుట్టలేదు, ఆడువారి కేల పుట్టునని ఆయన బదులు చెప్పెను.

ఈ ఆటను కుర్చీలో కూర్చుండి యాడు విధానమొకటి కలదు. మన బాలురు క్రికెట్టునందు ఇట్టి ఊహాజట్ల నెఱుగుదురు గనుక విస్తరింప పనిలేదు. పదిమందియో పండ్రెండుమందియో చేరి, నిజమైన ఆటగాండ్రను వేలములో పాడుకొని, ఎవరి ఊహాజట్టు వారు కూర్చుకొందురు. ఆ ఆటగాండ్రు మైదానములో చేసిన పనులే ఊహాజట్టునకు మార్కులు. 1960లో విలియమ్ గామ్సన్ అను సాంఘికశాస్త్ర పండితుడు తన తోడి యధ్యాపకులతో ఇట్టి యాట నొకదానిని ప్రారంభించెను. దానికి నేటి రూపము నిచ్చినవాడు డేనియల్ ఓక్రెంట్ అను రచయిత. 1980లో ఆయనయు మిత్రులును న్యూయార్కులో భోజనమునకు చేరుచుండిన ‘లా రోటిస్సరీ ఫ్రాన్సేజ్’ అను పూటకూటియింటి పేరే ఆ యాటకు స్థిరపడినది. ఒక్కొక్కరికి 260 డాలర్లు, కొనవలసినవారు 23 మంది, ఎవనికైనను కనీసపు పాట ఒక డాలరు: ఇదియే నేటికిని వాడుక. ఇంత చక్కని యాటను కనిపెట్టిన ఓక్రెంటుగారు తమ లీగునందు ఒక్కమారైనను మొదటివారుగా రాలేదని ప్రసిద్ధి. ఈ యొక్క సంగతి చేతనే మాకు ఆయనపై గౌరవము ద్విగుణీకృతమైనది.

మా కార్యాలయములో అట్టి లీగొకటి యుండెను. సగము మంది తెలుగువారము, సగము మంది అమెరికనులు. డాలర్లన్నియు కాగితముమీదివే, చివర నిలిచినవాడు తక్కినవారికి విందు చేయవలెననునదే మా పందెము. (సొమ్మొడ్డి యంతర్జాలమున ఆడు ఆటలను నిషేధించుచు మన పార్లమెంటు 2025లో చట్టము చేసినది. మేము సమర్థించుచున్నది విందు మాత్రమే యని తలిదండ్రులు గ్రహింతురు గాక.) ప్రతి మార్చి నెలలో ఒక యాదివారమున ఎవరో యొకరి యింటి నేలమాళిగలో వేలము సాగెడిది. ఉదయము పదిగంటలకు అందఱును పండితులే. ఎవని యెదుట చూచినను అంకెల పట్టికలు. ఫలానివాని భుజమెట్లున్నది, ఫలానివాడు గాలి యెదురైనప్పుడు ఎంత కొట్టును అను చర్చలు. సాయంకాలము నాలుగింటికి పట్టికలు నలిగిపోయి, పకోడీలు చల్లారి, ప్రతివాని యొద్దను ఒకే డాలరును ఒకే ఖాళీయు మిగులును. ఆ తుది డాలరును గూర్చియే మా యభిప్రాయము.

ఇరువదిరెండు స్థానములను బుద్ధితో నింపుడు. ఇరువదిమూడవదానిని నవ్వుతో నింపుడు. ఇది మా సిద్ధాంతము. ఆ స్థానమునకు ఎన్నుకొనబడువాడు ఏ పట్టికయందును పైవరుసలో ఉండరాదు; వానిని ఎన్నుకొనుటకు చెప్పు కారణము బుద్ధిమంతులు విని నవ్వవలెను.

కారణములకు కొఱత యుండదు. పేరొక్కటి చాలును. బేసుబాలులో పిచ్చరు సరిగా విసరని బంతిని ‘బాల్’ అందురు. అట్టివి నాలుగు విసరినచో కొట్టువాడు శ్రమలేక మొదటి మూలకు నడచిపోవును. దానిని ‘వాక్’ అందురు. పిచ్చరునకు ఇంతకంటె తలవంపు లేదు. అట్లుండగా ఆస్ట్రేలియానుండి వచ్చిన ఒక పిచ్చరు పేరు గ్రాంట్ బాల్ఫోర్. ‘నాలుగవ బాల్ ప్రసాదింపుము’ అని ఆ పేరునకు అర్థము చెప్పవచ్చును! తలిదండ్రులు ఎఱిగి పెట్టిన పేరు కాదు గదా. ఆయన 2013లో ఓక్లండు జట్టునకు 38 ఆటలను చివరివేళ కాపాడి పెట్టెను. 1980 నుండి 1993 వఱకు ఆడిన మఱియొక పిచ్చరు పేరు బాబ్ వాక్. ఇంకొకనికి హోమర్ బెయిలీ యని పేరు. హోమర్ అనగా హోమ్ రనే. పిచ్చరునకు ఆ పేరు వైద్యునికి యమధర్మరాజని పేరు పెట్టినట్లున్నది. ఆయనయో, 2012లో ఒకమారును 2013లో ఒకమారును ఆట మొత్తము మీద ఎదిరిజట్టువానికి ఒక్క మంచి దెబ్బయైనను దక్కనీయక విసరినాడు. పేరు చూచి నవ్వినవారు అంకె చూచి నోరు మూసికొనిరి.

ఆహారమును కారణమే. ప్రిన్స్ ఫీల్డర్ అను భారీకాయుడు 2007లో 50 హోమ్ రన్‌లు కొట్టి, 2008లో మాంసాహారమును మానివేసెను. ఆ వత్సరము హోమ్ రన్‌లు 34కు దిగినవి. ఇది కూరగాయల ప్రభావమని మా లీగులో నవ్వినవారు పెక్కుమంది. గుంటూరు ప్రాంతమువాడైన మా మిత్రు డొకడు పుట్టుక చేత శాకాహారి. ఆయనకు పౌరుషము వచ్చి, 2009 వేలములో తనకున్న సొమ్ములో హద్దుమీఱి ఫీల్డరును పాడెను. “గోంగూర తినువాడు బంతి కొట్టలేడా?” అనునది ఆయన వాదము, ఫీల్డరు గోంగూర నెన్నడైన చూచెనో లేదో యెవ రడుగవలెను? ఆ వత్సరము ఫీల్డరు 46 హోమ్ రన్‌లు కొట్టెను. ఇది మా సిద్ధాంతమునకు సరిగా లోబడు ఉదాహరణ కాదు. ఫీల్డరు డాలరు సరకు కాడు. అయినను చెప్పక విడువలేకపోతిమి. మఱియు 2012లో జేమీ మోయర్ అను పిచ్చరు 49వ యేట ఆటను గెలిచి, అంతటి ముదిమిలో గెలిచినవాడు లేడని పేరు పొందెను. ఆయనను మా పై యధికారి ఒక డాలరునకు కొనెను. లీగులలో తనకంటె పెద్దవాడు ఆయన యొక్కడే యని కారణము.

మా కథకు వత్తుము. 2016లో మేము మా తుది డాలరును బార్టోలో కోలోన్ అను పిచ్చరుపై నుంచితిమి. డొమినికను దేశీయుడు, న్యూయార్కు మెట్సు జట్టువాడు, వయస్సు 42, లెక్కలలో చూపిన బరువు 285 పౌండ్లు. విసరుటలో ఘనుడే, 2005లో ఆ సంవత్సరపు మేటి పిచ్చరుగా బహుమానము నందినవాడు. కాని కొట్టుటలోనో? ఆ దినములలో ఆయన యాడు లీగునందు పిచ్చరులును బ్యాటు పట్టవలసియుండెను. కోలోను బ్యాటు త్రిప్పినచో బంతికి ఏమియు కాదు. ఒక్కొక్కప్పుడు నెత్తిమీది శిరస్త్రాణము మాత్రము ఎగిరిపడును. చూచువారందఱు నవ్వుదురు, ఆయనయు నవ్వును. అదిగో, ఆ నవ్వే మా కారణము. వేపచెట్టు క్రిందివానికి తనవాడు కనబడినాడు.

2016 మే 7వ తేది శనివారము. సాన్ డియేగోలో ఆట. మేము ఇంట టెలివిజను ముందు కూర్చుంటిమి. రెండవ యావృత్తిలో కోలోను బ్యాటుతో వచ్చెను. విసరినవాడు జేమ్స్ షీల్డ్స్ అను పేరుమోసిన పిచ్చరు. కోలోను త్రిప్పెను. శిరస్త్రాణము నెత్తిమీదనే యున్నది. బంతి మాత్రము ఎడమవైపు గోడ దాటి జనములో పడినది! నలుబదిమూడవ జన్మదినమునకు ఇంకను పదునేడు దినములు మిగిలియుండగా, 1997 నుండి ఆడుచున్న మనుష్యుడు తన మొదటి హోమ్ రన్ కొట్టెను. ఆ వయస్సున మొదటిది కొట్టినవాడు అంతకుముందు లేడు. ఆయనయు మరల కొట్టలేదు. మూలలు చుట్టివచ్చుటకు ఆయనకు అరనిమిషము పట్టినది. ఆ చుట్టువాఱుట చూడవలసినదేకాని చెప్పతరము కాదు. పెండ్లిలో మగపెండ్లివారి పెద్ద పందిరి చుట్టివచ్చునట్లు, తొందర లేక, అందఱి చూపును తనదే యన్నట్లు వచ్చెను. తోడి యాటగాండ్రో, ఆయన తిరిగివచ్చువేళకు తమ బల్లలు ఖాళీచేసి లోపల దాగిరి. అభినందించువా రొక్కరును లేక ఆయన ఒంటరిగా నిలువగా, అంతలో అందఱును బయటికి వచ్చి మీద పడిరి.

మేము కుర్చీనుండి లేచి యెగిరితిమి. మా గృహిణి వంటయింటినుండి పరుగెత్తుకొని వచ్చి, ఎవరికేమైనదని యడిగెను. పిమ్మట మేము గణకయంత్రము తెఱచి మా జట్టు లెక్క చూచుకొంటిమి. సున్న! పొరపాటని మరల చూచితిమి. సున్నయే. మఱచితిమి: ఊహాజట్ల నిబంధనలలో పిచ్చరునకు విసరుటకే మార్కులు; కొట్టిన దానికి లేవు. లోకమంతయు చూచి నవ్వి యేడ్చిన ఆ దెబ్బకు మా పట్టికయందు చోటు లేదు. పరుగు తీసినను లెక్కలేదు! చదువరులారా, ఆ మాట మే మెక్కడ వింటిమో మీకు జ్ఞప్తి యుండును.

మఱునాడు కార్యాలయమున వాదము పుట్టెను. మా లీగులో గణితజ్ఞు డొకడు, సజ్జనుడే, రెండు ఆక్షేపణలు చెప్పెను. మొదటిది: ఒకడు హాస్యమునకై ఎన్నుకొన్నచో లీగంతయు చెడును, బలహీనమైన జట్టు నెదుట పెట్టుకొని గెలిచినవానికి ఏమి గౌరవము? ఇది న్యాయమైన మాటయే. అందువలననే మేము ఒక్క స్థానము, ఒక్క డాలరు అని హద్దు పెట్టుకొంటిమి. సగము జట్టును నవ్వులతో నింపువానిని మేమును సమర్థింపము. వానికి ఆటయందు ఆసక్తి లేదు, తనయందే కలదు.

రెండవ యాక్షేపణ మమ్ము కొంతకాలము నిద్రపోనీయలేదు. లావైనవాడని, ముసలివాడని, పేరు వింతయని ఒకని నెన్నుకొనుట వానిని పరిహసించుట కాదా యని ఆయన యడిగెను. మాకు వెంటనే బదులు తోచలేదు. తరువాత ఒక పాత కథ జ్ఞప్తికి వచ్చినది. 1951 ఆగస్టు 19న సెయింట్ లూయిస్ బ్రౌన్సు జట్టు యజమాని బిల్ వెక్, జనమును నవ్వించుటకై 3 అడుగుల 7 అంగుళముల పొడవుగల ఎడ్డీ గేడెల్ అను నతనిని, వీపున 1/8 అను అంకె వేసి, బ్యాటుతో మైదానమునకు పంపెను. అంత పొట్టివానికి సరిగా విసరుట పిచ్చరు తరము కాక నాలుగును బాల్స్ అయినవి. గేడెల్ మొదటి మూలకు నడచెను. వెంటనే వానిని పిలిచి, వాని బదులు పరుగెత్తుటకు వేఱొకని పంపిరి. మఱునాడు లీగు అధ్యక్షుడు వాని యొడంబడికనే రద్దు చేసెను. గేడెల్ పెద్ద లీగులలో మరల ఆడలేదు. ఇదియు వింత కారణముచే ఎన్నుకొనుటయే. కాని నవ్వు ముగిసినంతనే మనిషితో పని ముగిసెను. రెండవ మూల యెట్లుండునో వానికి చూపలేదు.

మేము కోలోనును అట్లు చేయలేదని గణితజ్ఞునితో చెప్పితిమి. ఏప్రిలు నుండి సెప్టెంబరు వఱకు, ఆయన విసరిన ప్రతి దినము చూచితిమి. ఓడిన దినము మాకును అన్నము సహింపలేదు. మా తక్కిన యిరువదిరెండుగురిలో సగము మంది ముఖములు నే డెదుట పడినను గుర్తింపలేము. వారు అంకెలు, అంకె తగ్గినంతనే వారిని అమ్మివేసి వేఱొకరిని తెచ్చితిమి, ఒక్కమారైనను మనసు నొవ్వలేదు. పరిహాస మెక్కడ నున్నదో మీరే చూడుడంటిమి. గణితజ్ఞుడు అంగీకరింపలేదు. కాని 2017 వేలములో తన తుది డాలరుతో, తన తాతగారి యూరివాడను కారణమున, ఎవరును వినని యొక పిచ్చరును పాడెను. మేము చూచియు చూడనట్లుంటిమి.

ఆ 2016లోనే మఱియొక ముచ్చట. ఖమ్మము వాడైన మా మిత్రుడు తన యిరువదిమూడవ స్థానమునకు ఎవనిని తెచ్చుకొనుటయో తోచక, పకోడీలు తెచ్చిన మా గృహిణిని, “వదినగారూ, మీరే యొక పేరు చెప్పుడు” అని పట్టిక చేతికిచ్చెను. ఆమె చూచి, “ఇదిగో, రాజై” అనెను. క్లీవులండు జట్టువాడు, రాజై డేవిస్, ముప్పదియైదేండ్ల వాడు.

“ఆ పేరు రాజై కాదు వదినగారూ, రాజే యని పలుకవలెను.”

“రాజే అయినచో ఇంకను మంచిది కదా!”

మిత్రుడు నవ్వి డాలరిచ్చెను. ఆ వత్సరము ఆ రాజు 43 మూలలు దొంగిలించెను. మూల దొంగిలించుట యనగా పిచ్చరు కన్నుగప్పి ముందరి మూలకు పరుగెత్తుట. ఆ లీగునందు అన్ని దొంగిలించినవాడు వేఱొకడు లేడు. మిత్రుడు మా పట్టికలో మూడవ స్థానమునకు వచ్చి, మా గృహిణికి చీర తెచ్చి యిచ్చెను. నవంబరు 2వ తేది రాత్రి, ప్రపంచ పరంపరయని వారు పిలుచుకొను పోటీలో తుది యాట. రెండుగురు ఔటై, జట్టు రెండు పరుగులు వెనుకబడియుండగా, అతివేగమునకు పేరుపొందిన అరోల్డిస్ చాప్మన్ విసరిన బంతిని రాజై గోడ దాటించి ఆటను సమము చేసెను. (పిమ్మట చికాగోవారే గెలిచిరి.) వెంటనే మా టెలిఫోను మ్రోగినది. “అన్నగారూ, చూచితిరా? వదినగారిని లేపుడు!” అని మిత్రుడు కేకలు వేయుచుండెను. ఊహాజట్ల వత్సరము అంతకు నెలనాడే ముగిసినది. ఆ దెబ్బకును మార్కులు లేవు. ఆ సంగతి ఆయనయు అనలేదు, మేమును అనలేదు.

మేము స్వదేశమునకు వచ్చి కొన్ని యేండ్లయినది. 2025 మార్చిలో ఆ మిత్రుడే న్యూజెర్సీనుండి ఫోనుచేసి, “అన్నగారూ, ఇచ్చట సాయంకాలమైనది, ఒక డాలరు మిగిలియున్నది, ఎవనిని పాడమందురు?” అని యడిగెను. టెక్సాసు జట్టులో కుమార్ రాకర్ అను పిచ్చరు కలడు. ఆయన తల్లి తలిదండ్రులు మనదేశమునుండి వెళ్లినవారు. 2021లో న్యూయార్కు జట్టువారు ఎన్నుకొనియు ఒడంబడిక చేసికొనక విడిచిరి. 2024 సెప్టెంబరులో మొదటిసారి పెద్ద లీగున విసరెను. ఆ పేరు చెప్పితిమి.

“కారణము?” అని మిత్రుడు.

“మా పాఠశాల హాజరుపట్టీలో ప్రతి తరగతియందును ఒక కుమారు కలడు. అచ్చటి పట్టీలోను పేరు పిలిచినప్పుడు ‘ప్రెజెంటు సార్’ అనువా డొకడు ఉండవలదా?”

ఆ వేసవి కుమారునకు అంతగా కలిసిరాలేదు. నడుమ చిన్న లీగునకు పంపినారు కూడ. మిత్రుడు మాత్రము ఆతనిని తన పట్టీనుండి తీసివేయలేదు.